పంక్తిభేదము లేని వడ్డన

తెల్లవారుజామున ఊరి చివర రైల్వేగేటు వద్ద నిలిచిన లారీ మ్రోతను మీరందరును వినియే యుందురు. గేటు పడినది. రైలు ఇంకను రాలేదు. డ్రైవరు ఇంజను ఆపలేదు. ఆ దడదడ శబ్దమును మనము విసుగుతో విందుము, లేదా విననే వినము. కాని ఆ శబ్దములో ఒక లెక్క యున్నది. ఆరు సిలిండర్ల లారీ అయినచో, ఆ ఆరింటికిని వంతులవారీగా, ఒకదాని వెంట ఒకటిగా, డీజిలును కొలిచి కొలిచి అందించుచున్న చిన్న యంత్రమొకటి ఇంజను ప్రక్కన, ఎవరి కంటను పడక, నూనె మరకల మధ్య ఒదిగి యున్నది. షెడ్లలో దానిని డీజిల్ పంపు అందురు. కొందరు మైకో పంపు అనియు అందురు. ఆ పంపు అరిగి చెడినప్పుడు దానిని విప్పి, అరిగినవి మార్చి, సీళ్ళు కొత్తవి వేసి, కొలత సరిదిద్ది, మరల బండికి ఎక్కించు పనిని గూర్చి ఈ పూట మీతో ముచ్చటింపదలచినాను.

భయపడకుడు. మీకెవరికిని పాన పట్టుకొను పని పెట్టను. భోజనపంక్తిలో వడ్డన చూచిన ప్రతివారికిని ఈ సంగతి బోధపడును.

ముందుగా ఒక్క మాట మనసున ఉంచుకొనుడు. ఈ కథ అంతయు ఒక చుక్కను గూర్చినది. మందు సీసాతోపాటు వచ్చు చుక్కల గొట్టము మీ ఇంట ఉండును గదా. దాని కొననుండి జారిపడు నీటిబొట్టు ఎంత యుండునో, నిండు బరువుతో ఎత్తెక్కుచున్న లారీలో ఒక్కొక్క సిలిండరు ఒక్కొక్క మారు అందుకొను డీజిలు సుమారుగా అంతే యుండును. లారీ ఊరక నిలిచి మ్రోగుచున్నప్పుడు ఆ బొట్టులో ఐదవ వంతో ఆరవ వంతో చాలును. ఇంజను నిమిషమునకు 2800 చుట్లు తిరుగు వేళ, ఈ బొట్టును ఒక్కొక్క సిలిండరుకు సెకనుకు 23 మార్లు అందింపవలెను. ఒక్క మారు అందించుటకు దొరకు వ్యవధి సెకనులో సుమారు వేయవ వంతు. ఇన్ని బొట్లలో కొలత తప్పరాదు, వేళ తప్పరాదు, వంతు తప్పరాదు. మరల చెప్పుచున్నాను: కొలత, వేళ, వంతు. పంపు బాగుచేయుట యనగా ఈ మూడింటిని బాగుచేయుటయే.

ఈ పంపు పుట్టుకకు కొంత చరిత్ర కలదు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు నగరమున తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. గాలిని గట్టిగా ఒత్తినచో వేడెక్కును. సైకిలు ట్యూబుకు గాలి కొట్టి, వెంటనే పంపు అడుగు భాగమును తాకి చూచిన పిల్లవానికి సైతము ఈ సంగతి తెలియును. అట్లు కాగిన గాలిలోనికి నూనెను తుంపరగా చిమ్మినచో, నిప్పురవ్వ అక్కరలేకయే అది అంటుకొనును. అంతవరకు బాగుగనే యున్నది. కాని, అంతటి ఒత్తిడితో నిండిన గదిలోనికి నూనెను చొప్పించుట ఎట్లు? ఆ కాలమున వేరొక కంప్రెసరును పెట్టి, దాని గాలి బలముతో నూనెను లోనికి ఊదెడివారు. ఆ బరువైన సరంజామా కర్మాగారములకును ఓడలకును ఒదిగినది గాని, రోడ్డు మీది బండికి ఒదగలేదు. గాలి తోడు లేకయే నూనెనే నేరుగా ఒత్తి చిమ్ము పంపును రాబర్ట్ బాష్ సంస్థవారు 1922లో రూపొందింప పూనుకొని, 1927లో విరివిగా తయారుచేయ మొదలిడిరి. 1913లో ఓడ ప్రయాణమున అదృశ్యుడైన డీజిల్ ఈ పంపును చూడనే లేదు. తన పేరు లారీ లారీకిని అంటుకొనుటకు ఇంత చిన్న వస్తువు కారణమగునని ఆయన ఊహించియుండడు. మన దేశమున 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ వెలసినది. దాని ఆంగ్లనామపు పొడి అక్షరములే మైకో. 1954లో టాటావారు డైమ్లర్ బెంజ్ వారితో కలిసి జంషెడ్‌పూరున లారీలు కట్ట నారంభించిరి. ఆ లారీలతోపాటే ఈ పంపు మన ఊళ్ళకు వచ్చి, మన మేస్త్రీల చేతిలో పడినది.

ఇక విజయవాడ ఆటోనగరునకు పోవుదము. ఇనుపరేకుల షెడ్లు, సుత్తి మ్రోతలు, వెల్డింగు మెరుపులు, వీధి యంతయు నల్లని జిడ్డు. ఆ వీధిలో ఒక గది తలుపు మాత్రము ఎల్లప్పుడు మూసియుండును. దానిని పంపు రూము అందురు. చెప్పులు బయట విడిచి లోనికి పోవలెను. అక్కడ బల్ల మీద జింకు రేకు పరచియుండును; పళ్ళెములలో స్వచ్ఛమైన డీజిలు ఉండును; చేతులు తుడుచుకొను కాటన్ వేస్టునకు మాత్రము ప్రవేశము లేదు. దూదిపోగు ఒక్కటి చాలును, పంపు కొంపలార్చుటకు. ఆ గదిలో తెల్లని తల, సన్నని వ్రేళ్ళు గల పంపు మేస్త్రీగారొకరు నాకు పరిచయము. నేను చూచుచుండగా ఆయన చేసిన ఒక మరమ్మతును మీకు విన్నవింతును.

ఒకనాటి ఉదయము పాత లారీ యొకటి వచ్చి నిలిచినది. ఇటుక బట్టీలకు ఊక తోలు బండి అది. డ్రైవరు దిగి తన గోడు చెప్పుకొనెను.

“పొద్దున్నే స్టార్టు కావట్లేదండి మేస్త్రీగారూ. చేతిపంపు కొట్టి కొట్టి చెయ్యి పడిపోతోందండి. ఎక్కుడొస్తే నల్లపొగండి, ఎనకాల బండోళ్ళు తిడుతున్నారు. ఇంకో ఇడ్డూరమండి, ఇంజనాయిలు తగ్గాల్సింది పోయి పెరుగుతోందండి!”

మేస్త్రీగారు బదులు పలుకక ఇంజనును నడిపించుమని సంజ్ఞ చేసిరి. పంపు నెత్తిమీదనుండి ఆరు సన్నని ఉక్కు గొట్టములు ఆరు సిలిండర్లకు పోవుచుండును. ఆయన ఒక్కొక్క గొట్టము మీద రెండు వ్రేళ్ళుంచి కనులు మూసుకొని నిలిచిరి. వైద్యుడు నాడి చూచినట్లే. పంపు చుక్కను తోసినప్పుడెల్ల గొట్టము వ్రేలి క్రింద ఎగిరి కొట్టుకొనును. మొదటిది, రెండవది, మూడవది చూచిరి. నాలుగవ దానిపై వ్రేళ్ళు కొంతసేపు ఆగినవి.

“నాలుగోవాడికి సరిగా వడ్డన లేదు. రెండోవాడికేమో విస్తరి పొర్లిపోతోంది. పంక్తిలో ఇంత భేదమా, తమ్ముడూ?” అనిరి.

ఆ మాట నా మనసున నాటుకొన్నది. పంక్తిభేదము! బంతిలో కూర్చున్న ఆరుగురిలో ఒకనికి నేయి ధారగా పోసి, ఒకనికి చూపి తీసికొనిపోవుట ఎంత తప్పో మన పెద్దలు ఎరుగుదురు. ఇంజనుకును అది అంత తప్పే. ఎక్కువ తిన్న సిలిండరు అరిగించుకొనలేక నల్లని పొగ కక్కును. తక్కువ తిన్నది తన వంతు బరువు మోయజాలదు. ఒకటి లాగుచు, ఒకటి ఈడ్వబడుచు, బండి యంతయు వణకును.

పంపును దించి బల్లకెక్కించిరి. విప్పుటకు ముందు బయటి మురికి కడిగి, గొట్టములు విప్పిన రంధ్రములన్నిటికిని మూతలు బిగించిరి. ఈ పంపు లోపల ఏమున్నదో మీ కనులకు కట్టునట్లు చెప్పుటకు ప్రయత్నింతును. అడుగున ఒక ఇరుసు కలదు. దానిపై ఆరు ఉబ్బులున్నవి. ఇరుసు తిరిగినప్పుడు ఒక్కొక్క ఉబ్బు తన పైనున్న ఉక్కు కడ్డీని పైకి నెట్టును. ఆ కడ్డీ ప్లంజరు. అది కదలు ఉక్కు గొట్టము బ్యారెలు. రెండును కలిసి ఎలిమెంటు. పెన్సిలు కన్న కొంచెము లావుగా, వ్రేలెడు పొడవుగా, అద్దమువలె మెరయుచుండు ఈ జతకు నడుమ ఎడము ఎంతయో తెలియునా? మిల్లీమీటరును వేయి భాగములు చేయుడు. అందులో రెండు మూడు భాగములు మాత్రమే. మన తలవెండ్రుకను నిలువున ఇరువది పైచిలుకు పొరలుగా చీల్చగలిగినచో, అందులో ఒక్క పొర ఆ సందున పట్టును. ప్లంజరును అరచేత కొంతసేపు పట్టుకొన్నచో, చేతి వేడికి ఉబ్బి, చల్లని బ్యారెలులో బిగుసుకొనును అని మేస్త్రీలు చెప్పుదురు. ఆ సందు అంత ఇరుకు గనుకనే ఎలిమెంటుకు రబ్బరు సీలు లేదు. ఆ బిగువే సీలు. నూనెయే దానికి తడి. అందుచేతనే ఒకదాని ప్లంజరును వేరొకదాని బ్యారెలులో పెట్టరాదు. పుట్టినప్పుడే జతపడినవి, విడదీయకూడదు.

ఇక చుక్కను ఎక్కువ తక్కువ చేయుట ఎట్లు? ప్లంజరు ఎక్కు ఎత్తు ఎన్నటికిని మారదు. మారునది మరియొకటి. ప్లంజరు ఒంటిమీద ఏటవాలుగా ఒక గాడి చెక్కియుండును. వెదురు కలము కొనను ఏటవాలుగా చెక్కుదురు చూడుడు, అట్లు. గోడకు చిన్న రంధ్రము చేసి, దాని ముందుగా ఆ కలమును పైకి జరుపుచున్నారనుకొనుడు. కలము ఒక వైపు తిరిగియున్నచో ఆ ఏటవాలు అంచు రంధ్రమును త్వరగా చేరును; మరియొక వైపు తిప్పినచో ఆలస్యముగా చేరును. పంపులోను అంతే. గాడి అంచు బ్యారెలు రంధ్రమును చేరిన క్షణమున ఒత్తిడి జారిపోయి వడ్డన ఆగిపోవును. కనుక ప్లంజరును ఒకింత తిప్పినచో చుక్క పెరుగును, ఒకింత తిప్పినచో తగ్గును. ఆరు ప్లంజర్లను ఒక్కసారిగా తిప్పుటకు వాని ప్రక్కగా ఒక కడ్డీ జరుగుచుండును. దానిని ర్యాక్ అందురు. డ్రైవరు కాలితో నొక్కునది చివరకు చేరునది ఆ ర్యాకునే. మరల చెప్పుచున్నాను: ఎత్తు మారదు, ఎప్పుడు ఆపవలెనో అది మారును. వడ్డించువాని నేర్పు గరిట ఎత్తుటలో లేదు; గరిట ఆపుటలో ఉన్నది.

ఎలిమెంటు నెత్తిన డెలివరీ వాల్వు కలదు. నేతి గిన్నెతో వడ్డించు ఇల్లాలు, పోయుట కాగానే గిన్నెను చటుక్కున వెనుకకు వంచి, అంచున వ్రేలాడు చివరి బొట్టును లోనికి లాగివేయును. ఈ వాల్వు చేయునదియు సరిగా అదే. చుక్క పోగానే గొట్టములోని నూనెను కొంచెము వెనుకకు లాగి, అవతలి కొనను సిలిండరులోనికి నూనెను చిమ్ము నాజిలు ఠక్కున మూసుకొనునట్లు చేయును. ఆ పని తప్పినచో నాజిలు కొనను నూనె కారి, బొగ్గు పేరుకొనును.

మేస్త్రీగారు డెలివరీ వాల్వులను వరుస తప్పక పళ్ళెములో పేర్చిరి. పిమ్మట ప్లంజర్లను దీపము వెలుగున త్రిప్పి త్రిప్పి చూచిరి. నాలుగవ దానిని నాకు చూపిరి. పై అంచు దగ్గర, నూనె లోనికి వచ్చు రంధ్రమునకు ఎదురుగా, మెరుపు పోయి, పొగ పట్టిన అద్దమువలె చిన్న మచ్చ కలదు. “దుమ్ము. ఫిల్టరు మార్చలేదు వీడు,” అనిరి. అంత చిన్న మచ్చ! కాని ఆ మచ్చ గుండ నూనె జారిపోవుచున్నది. చుక్క చిక్కిపోవుచున్నది. జారిన నూనె పంపు అడుగు గదిలోనికి దిగుచున్నది. ఆ పంపు అడుగు గదిని తడుపునది ఇంజను ఆయిలే గనుక, దిగిన డీజిలు ఆ ఆయిలులో కలిసి ఇంజనుకు చేరుచున్నది. డ్రైవరు చెప్పిన వింతకు కారణమిదే. ఆయిలు పెరిగినదని సంతోషించుటకు వీలు లేదు. పెరిగిన ఆయిలు పలుచబడిన ఆయిలు. పలుచబడిన ఆయిలు బేరింగులను కాపాడదు. శ్రోతలలో లారీ యజమానులున్నచో ఈ ఒక్క మాట గుర్తుంచుకొనుడు: ఇంజనాయిలు పెరిగి డీజిలు వాసన వేసినచో, బండిని ఆపి ముందు పంపును చూపింపుడు.

ఇక సీళ్ళ సంగతి. వాల్వుల చుట్టునున్న రబ్బరు ఓరింగులను మేస్త్రీగారు సూదితో ఎత్తగా, అవి వంగక పుటుక్కున విరిగినవి. ఎండిన చింతబరికె వలె గట్టిపడి యున్నవి. పగలు నడిచినంతసేపు ఆ సందులనుండి డీజిలు చెమ్మగా బయటికి కారును. రాత్రి బండి నిలిచిన పిమ్మట అదే సందున గాలి లోనికి దూరును. నూనె వెనుకకు జారి, దాని స్థానమున గాలి నిలుచును. గాలిని ఒత్తినచో నలుగును గాని నూనెవలె ముందుకు నెట్టదు. అందుచేతనే తెల్లవారి బండి కదలక, నూనెను ఎక్కించు చేతిపంపు కొట్టి కొట్టి డ్రైవరు చేయి పడిపోవుట.

ఈ ఓరింగులు ఎండుటకు వయసొక్కటే కారణము కాదు. డీజిలే మారినది. పూర్వపు డీజిలులో గంధకము హెచ్చుగా ఉండెడిది. గాలి చెడకుండుటకై దానిని క్రమక్రమముగా తగ్గించుచు, 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించని డీజిలును అమ్ముచున్నారు. ఊపిరితిత్తులకు అది మేలే. కాని గంధకమును తీయు శుద్ధిలో, పాతరకపు రబ్బరును ఉబ్బించి ఉంచెడి కొన్ని పదార్థములును తగ్గిపోవును. ఏండ్ల తరబడి పాత నూనెలో నాని ఉబ్బిన రబ్బరు, కొత్త నూనెలో ముడుచుకొనును. వయసులోనున్న రబ్బరు సాగి సర్దుకొనును, ముదిసినది సర్దుకొనలేదు. 1993లో అమెరికాలో గంధకము తగ్గిన డీజిలు వచ్చినప్పుడును, పాత బండ్ల పంపులు అనేకము ఇట్లే కారినవి. అందుచేత మేస్త్రీగారు పాతరకపు రబ్బరును మరల వేయలేదు. డీజిలుకు లొంగని వైటాన్ ఓరింగులను వేసిరి. ఇరుసు చివరి ఆయిల్ సీలును, రాగి వాషర్లను, మూతల క్రింది ప్యాకింగులను కూడ మార్చిరి. “పాత వాషరు బాగానే ఉంది కదండీ,” అని డ్రైవరు ఆశగా అనెను. “ఒకసారి నలిగిన రాగి రెండోసారి మాట వినదు, తమ్ముడూ,” అనిరి.

అరిగిన ఎలిమెంట్లకు బదులు కొత్త జతలు వచ్చినవి. ఆయన వానిని వస్త్రముతో తుడువలేదు. డీజిలులో కడిగి, తడిగానే కూర్చిరి. బ్యారెలును ఏటవాలుగా పట్టి, ప్లంజరును కొంత బయటికి లాగి వదలగా, అది తన బరువునకే మెల్లగా, ఎక్కడను తట్టుకొనక, లోనికి జారిపోయినది. పట్టినను తప్పే, దడాలున పడినను తప్పే. పిమ్మట డెలివరీ వాల్వులను పట్టియుంచు హోల్డర్లను టార్క్ పానతో బిగించుచు, ఒక్కొక్కటి బిగిసిన వెంటనే ర్యాకును వ్రేలితో అటునిటు జరిపి చూచిరి. బలమున్నది గదా యని ఎక్కువ బిగించినచో బ్యారెలు కంటికి కనబడనంత వంకరపోవును, ప్లంజరు పట్టుకొనును, ర్యాకు కదలదు.

ర్యాకు కదలకపోయినచో ఏమగును? ఇక్కడ కొంచెము నిలువవలెను. గవర్నరును గూర్చి చెప్పవలెను. తీర్థములలో రంగులరాట్నము చూచియుందురు. వేగము హెచ్చిన కొలది కుర్చీలు బయటికి ఎగయును. పంపు వెనుక భాగమున అట్టి రెండు బరువులు తిరుగుచుండును. ఇంజను వేగము మితిమీరిన వెంటనే అవి బయటికి ఎగసి, ర్యాకును వెనుకకు లాగి, వడ్డన తగ్గించును. వేగము పడిపోయినచో స్ప్రింగు ర్యాకును ముందుకు నెట్టి, వడ్డన పెంచును. డీజిలు ఇంజనుకు నోటికి కట్టు వేయునది ఈ గవర్నరొక్కటియే. ర్యాకు ముందుకు పోయి పట్టుకొన్నదా, డ్రైవరు కాలు తీసినను, తాళము త్రిప్పినను ఇంజను ఆగదు. వేగము పెరిగి పెరిగి తన్ను తానే చీల్చుకొనును. అట్టి సమయమున ఇంజనులోనికి గాలి పోవు దారికి గోనెపట్టా అడ్డముపెట్టి ఊపిరి ఆడకుండ చేసి ఆపిన మెకానిక్కులు కలరు. కనుకనే మరల మరల ర్యాకును జరిపి చూచుట. అది ఛాదస్తము కాదు; ప్రాణరక్షణ.

కూర్పు ముగిసినది. కాని పని సగమే అయినది. ఇప్పుడు పంపు టెస్టు బెంచి ఎక్కవలెను. మోటారుతో పంపును త్రిప్పు పెద్ద బల్ల అది. దాని ముందు ఆరు గాజు గొట్టములు, గీతలు గీసినవి, వరుసగా నిలిచియుండును. ముందు వేళను చూచిరి. మొదటి ఎలిమెంటు వడ్డన మొదలిడిన చోటునుండి వృత్తములో సరిగా ఆరవ వంతు తిరుగునప్పటికి, వంతు ప్రకారము రావలసిన ఎలిమెంటు మొదలిడవలెను. ఒకటి పిమ్మట ఐదు. ఐదు పిమ్మట మూడు. అటుపై ఆరు, రెండు, నాలుగు. ఆ బండి పంక్తి క్రమమది. అర డిగ్రీ తప్పినను ఊరుకొనక, క్రింది బోల్టులను పొడిగించి, కుదించి సరిచేసిరి.

తరువాత కొలత. బెంచి తిరుగగా ఆరు నాజిళ్ళనుండి డీజిలు వంటి పరీక్షానూనె పడి, గాజు గొట్టములలో పైకి లేచినది. రెండువందల మార్లు చిమ్మిన పిమ్మట ధార తానే ఆగినది. చూడగా ఆరు మట్టములు ఆరు విధములుగా ఉన్నవి. కొత్త ఎలిమెంట్లు వేసినను సరిగా రాలేదేమని నేనడుగగా, “కొత్తవాళ్ళు పంక్తిలో సర్దుకోవాలి కదండీ,” అని నవ్విరి. ఒక్కొక్క ప్లంజరును ర్యాకుకు జతపరచు పట్టీని సడలించి, వెంట్రుకవాసి త్రిప్పి, బిగించి, మరల నడిపించిరి. కొలిచిరి, పారబోసిరి, మరల కొలిచిరి, మరల పారబోసిరి. మధ్యాహ్నము దాటినది. చివరకు ఆరు గాజు గొట్టములలోను నూనె ఒకే గీత దగ్గర నిలిచినది. దారము పట్టి చూచినను తేడా కనబడదు. ఆ క్షణమున ఆయన మోమున తోచిన తృప్తిని నేను మరువలేను.

పని ముగియు వేళకు డ్రైవరు దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి అడిగెను. “మేస్త్రీగారూ, పాత సీసం సీలు దార్లో ఒకాయన తెంపి స్క్రూ తిప్పాడండి, పికప్ కోసం. మీ చేత్తో మీరే కాస్త పెంచి ఇవ్వండి. బరువు లాగాలి కదండీ.”

పంపు మీద ఒక స్క్రూ కలదు. ర్యాకు ఎంతవరకు ముందుకు పోవచ్చునో దానికి హద్దు అది. ఆ హద్దు దాటకుండ తీగ కట్టి, సీసపు బిళ్ళతో ముద్ర వేయుదురు. దానినియు సీలే అందురు. నూనెను ఆపు సీలు రబ్బరుది. ఆశను ఆపు సీలు సీసముది.

మేస్త్రీగారు కోపపడలేదు. “తమ్ముడూ, ఇంజను ఎంత గాలి పీలిస్తే అంత నూనే కాలుద్ది. గాలి పెరగదు, నూనె పెంచుతానంటావు. ఆకులో మిగిలిన అన్నమే నీ నల్లపొగ. నువ్వు డబ్బిచ్చి కొన్న డీజిలు, ఎనకోడి మొహాన కొడుతున్నావు. పిస్టన్ కాలిపోతే మళ్ళీ నా దగ్గరకే వస్తావు, కానీ అప్పుడు నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు,” అనిరి. అని, తీగ దూర్చి, సీసపు బిళ్ళను కటింగ్ ప్లేయరు వంటి సాధనముతో గట్టిగా నొక్కిరి. ఆ చిన్న కిటుక్కు శబ్దముతో బేరము ముగిసినది.

సాయంత్రము పంపు మరల ఇంజనునకు చేరినది. మొదటి సిలిండరు గుర్తును గుర్తుకు కలిపి బిగించిరి. క్లీనరు కుర్రవాడు చేతిపంపు కొట్టుచుండగా, మేస్త్రీగారు గాలి తీయు స్క్రూను సడలించిరి. మొదట నురుగు వచ్చినది, పిమ్మట బుడగలు, పిమ్మట బుడగ లేని స్వచ్ఛమైన ధార. స్క్రూ బిగిసినది. ఒక నాజిలు గొట్టము దగ్గరకు కుర్రవాడు ముఖము పెట్టి చూడబోగా, ఆయన భుజము పట్టి వెనుకకు లాగిరి. శ్రోతలారా, నాజిలు తెరచుకొను ఒత్తిడి లారీ టైరులోని గాలి ఒత్తిడికి సుమారు ఇరువది ఐదు రెట్లు. ఆ తుంపర చర్మమును చీల్చుకొని రక్తములో కలియగలదు. పనిచేయుచున్న నాజిలు ఎదుట చేయి పెట్టరాదు. ఈ మాటయు మరువకుడు.

తాళము త్రిప్పగా ఇంజను ఒక్క పెట్టున అందుకొన్నది. మొదట కొంచెము తెల్లని పొగ, పిమ్మట అదియు లేదు. మేస్త్రీగారు ఉదయము నిలిచిన చోటనే నిలిచి, కనులు మూసుకొని, ఆరు గొట్టముల మీద వరుసగా వ్రేళ్ళు వేసి చూచిరి. నాలుగవ దానిమీద ఈ మారు ఎక్కువసేపు ఆగలేదు. తలుపు తెరచి లోనికి పోయి, చేతులు కడుగుకొనిరి.

ఇప్పుడు వచ్చు కొత్త లారీలలో ఈ పంపు లేదు. ఆరింటికిని ఉమ్మడిగా ఒక్క గొట్టమున నూనెను ఇంతకు ఎన్నో రెట్ల ఒత్తిడితో నిలువయుంచి, విద్యుత్తు సంకేతముతో కొలిచి వదలు పద్ధతి వచ్చినది. కొలత అక్కడను ఉన్నది, వేళయు ఉన్నది, వంతును ఉన్నది. వ్రేళ్ళతో నాడి చూచు పని మాత్రము లేదు. కాని ఊక తోలు పాత లారీలు, బోర్లు వేయు బండ్లు, కోత యంత్రములు ఇంకను ఎన్నో ఈ పంపుతోనే నడుచుచున్నవి.

ఈసారి రైల్వేగేటు దగ్గర మీ ప్రక్కన పాత లారీ నిలిచినప్పుడు, విసుగుకొనక కొంచెము చెవి యొగ్గుడు. మ్రోతలో ఎక్కడనో ఒక మెట్టు దిగినట్లు, ఆరింటిలో ఒకటి తడబడినట్లు వినబడినచో, ఆ పంక్తిలో ఎవరికో వడ్డన తప్పినదని మీకు తెలియును. ఏ మెట్టును దిగక సమముగా మ్రోగుచున్నచో, ఎక్కడనో ఒక మూసిన తలుపు వెనుక ఒకరు చాలసేపు కొలిచి, పారబోసి, మరల కొలిచియుందురు.